తెలకపిండి సాక్ష్యం

గుణుపురంలో మా గానుగ బోర్డు రెండు భాషల్లో ఉంటుంది,
రెండిట్లోనూ తప్పే రాశాడు పెయింటరు.
నౌపడా బండి దిగినవాళ్ళు బోర్డు చదవరు,
ముక్కు ఎటు లాగితే అటు వచ్చేస్తారు.

ఆవాలాడే రోజు వీధంతా ఏడుస్తుంది.
కిరాణా కొట్టు తారిణి, సైకిలు రిపేరు కుర్రాడు,
ఎవరూ పోకుండానే అందరి కళ్ళూ తడే.
"కళ్ళు తడవకపోతే కల్తీ"
అది మా అత్త గవరమ్మ తీర్పు.
తెలికుల ఇంట పుట్టి, తెలికుల ఇంట మెట్టి
డెబ్బై ఏళ్ళుగా ముక్కుతోనే తూకం వేసిన మనిషి.

ఫాల్గుణంలో కొండ దిగి వచ్చాడు ఏలియా రయిత,
భుజాన ఒక్కటే బస్తా.
"ఆవాలే గాని ఆవాలు కావు.
ఆఫీసువాళ్ళిచ్చిన విత్తనం. కనోలా అంట."
వరి కోసిన మడిలో తడారక ముందే చల్లాడట,
ఇసక కలిపి. ఉత్త గింజైతే గుప్పిట్లో నిలవదు.
పూత మీద పేనుబంక దిగితే
వేపగింజల కషాయం కొట్టాడట, అదీ పొద్దువాలాక,
తేనెటీగలు ఇంటికెళ్ళాక.
కాయ ఎండాక పట్టపగలు ముట్టుకుంటే
పటపటా పగిలి పంట నేలపాలు.
అందుకని తెల్లారగట్ల, మంచు తడి ఆరకముందే
లాంతరు పెట్టుకుని తనూ సుబాసీ కోశారట.
"మా చేను మేమే దొంగల్లా కోసుకున్నాం" అని నవ్వాడు.

గానుగ తిరిగింది.
వీధిలో ఎవరూ ఏడవలేదు.
లేతపసుపు ధార, వాసన లేని ధార,
డబ్బాలోకి చప్పుడు లేకుండా దిగింది.
అత్త వేలు ముంచి, నాలిక్కి రాసుకుని
"ఈ నూనెకి నోరు లేదు" అంది.
చెంబుడు పట్టుకెళ్ళిన సుకాంతి నాని
మర్నాడు సగం చెంబు తిరిగిచ్చింది.
"బెసరొ వండాను. చేపుంది, కూర లేదు."

మా ఆయన గుండెలో తీగచుట్ట వేసి అప్పటికి ఏడాది.
బరంపురం డాక్టరు విని తలూపాడు.
పాత ఆవనూనెలో గుండెకి అనుమానమయ్యే ఆమ్లమొకటి ఉందట,
ఈ రకంలో దాన్ని బాగా తగ్గించారట,
పేరుకునే కొవ్వు తక్కువట, మేలుచేసేది ఎక్కువట.
"అయితే ఎంతైనా వాడొచ్చా బాబూ?"
మూడు వేళ్ళు చూపించాడు.
రోజుకి మూడు చెంచాలు. ఏ నూనైనా సరే.
నూనె అమ్ముకు బతికేదాన్ని,
ఆ మూడు వేళ్ళూ నాకు నచ్చలేదు.

ఆ రాత్రి గానుగ గదిలో ఏదో చప్పుడు.
దొంగనుకుని అత్త లాంతరు, నేను చీపురుకట్ట.
చూస్తే మా కపిలావు,
పలుపు తెంపుకొచ్చి, బుట్టలో మూతి దాకా ముంచి
కొత్త తెలకపిండి నమిలేస్తోంది.
ఆవ తెలక పెడితే మూతి తిప్పుకునే జాతి అది,
బెల్లం నీళ్ళు చిలకరించి బతిమాలితే గాని తినదు.
కొట్టబోయాను, అత్త చెయ్యి పట్టుకుంది.
చిన్న ముక్క విరిచి తన నోట్లో వేసుకుంది.
చాలాసేపు నమిలింది.
"చేదు పోయింది" అంది,
నాతో కాదు, ఆవుతో.

డాక్టరు మాట వినని మనిషి
పశువు మాట విన్నది.

పొద్దున్నే కొడుకు మూకుట్లో
కొత్త నూనె మూడు చెంచాలు కొలిచింది,
నాలుగోది వెయ్యబోయి, వెనక్కి డబ్బాలో పోసింది.
పనసపొట్టు మగ్గాక రోలు దగ్గర కూర్చుని
గుప్పెడు పాత ఆవాలు పచ్చిమిరపతో నూరింది,
నోరు లేనిదానికి నోరు పెడుతున్నట్టు.
ముక్కు ఎగబీల్చింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

బయట ఏలియా ధర అడుగుతున్నాడు.
ఏం చెప్పాలో నాకింకా తెలీదు.
ముందు తెలక బుట్ట మీద మూత పెట్టాలి.