కప్పు

మా మైదానంలో తూర్పు గట్టుకి కప్పు లేదు.
పోయిన ఫిబ్రవరి గాలికి లేచిపోయి
రైలు పట్టాల అవతల ఎవరిదో క్యాబేజీ మడిలో పడింది.
అయినా జనవరి మొదటి శనివారం
కప్పు కోసమే వచ్చింది రాకిన్‌షా మొత్తం.

నా గేటు దాటినవాళ్ళు ఆరువందల పన్నెండు మంది.
ఇనప చక్రం తిప్పేది నేనే, లెక్క తప్పదు.
మూడో రౌండు. పై డివిజన్ వాళ్ళొచ్చారు.
వాళ్ళ బస్సు మా సందులో తిరగలేక
మాంసం కొట్టు ముందు ఆగిపోతే
ఖరీదైన కాళ్ళన్నీ దిగి, బురద తప్పించుకుంటూ
నడిచొచ్చాయి.

ఆట మొదలైనా ఇరవై నిమిషాలు గేటు వదలకూడదు.
అంతసేపూ ఆట నాకు చెవుల్లోనే.
గట్టంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టిందంటే
బంతి వాళ్ళ గోలు ముందుంది.
ఉసూరుమందంటే, పైనించి పోయింది.
ఏమీ వినబడలేదంటే
వాళ్ళే ఆడుకుంటున్నారు,
ఇటు నించి అటు, అటు నించి ఇటు,
జీతం ముట్టినవాళ్ళ తీరిక.

పదిహేడో నిమిషంలో ఒక్క మూల మాత్రమే అరిచింది.
మా మూల కాదు.

గొళ్ళెం పెట్టి బెరిల్ ఆస్ప్‌డెన్ పక్కన చేరాను.
మిల్లు మూసేదాకా మగ్గాల మీద బతికిన మనిషి.
ఆట కూడా ఆమెకి నేతే.
"బంతిని చూడకు," అంటుంది,
"బంతిని పిల్లలు కూడా చూస్తారు.
పడుగు చూడు. పేక ఎటు పోతోందో చూడు.
ఎక్కడో ఒకచోట పోగు వదులవుతుంది."
గళ్ళ పుస్తకంలో పదకొండు చుక్కలు,
తడవకుండా పైన రొట్టెల సంచి.

విరామంలో టీ తెచ్చాను.
తాగుతున్నా టీ తగ్గడంలేదు.
కప్పు లేని చోట కప్పు
వానతో నిండుతూనే ఉంది.
"వాళ్ళ రెండో నెంబరు," అంది బెరిల్,
"ముందుకి పరిగెత్తి పోతున్నాడు,
వెనక్కి నడిచి వస్తున్నాడు.
నాలుగుసార్లు లెక్కపెట్టా."
చుక్క వెనక పెన్సిలుతో ఒక ఖాళీ గడి చుట్టింది.

మా మేనేజరు పది అడుగుల దూరంలోనే నిలబడ్డాడు.
బెరిల్ అరవదు. ఎప్పుడూ అరవలేదు.
నేను అరిచాను, గొంతు చీరుకుపోయేలా:
"ఎడమ పక్క! ఎడమ పక్క ఖాళీ!"
ఆయన తల తిప్పలేదు.
ఆ గట్టు మీద నాలాంటి మేనేజర్లు
తొమ్మిదొందల మంది ఉన్నారు మరి.

డెబ్భై ఒకటో నిమిషంలో
బేకరీ వ్యాను నడిపే డెక్లన్ షార్పుల్స్‌ని దింపాడు.
ఎడమ పక్కకే.
నా మాట విన్నాడో, ఇంట్లోనే రాసుకొచ్చాడో
ఈరోజుకీ తెలీదు, అడగను కూడా.
రెండో నెంబరు ముందుకి పోయాడు.
బంతి వాడి వెనక పడింది, సరిగ్గా ఆ గడిలో.
తెల్లారుజామున మూడింటికి లేచే డెక్లన్
ఊరు లేచేలోపు రొట్టెలు అందించాలన్నట్టు పరిగెత్తాడు.
తర్వాత నేనేమీ చూడలేదు.
ఎవరో నా ముఖాన్ని తన కోటులోకి అదుముకున్నారు.
మళ్ళీ చెవులతోనే విన్నాను, ఒకటీ ఒకటీ.

పదిహేను నిమిషాలు అలాగే నిలబడ్డాం.
ఆ పదిహేను నిమిషాల్లో
మైదానంలో ఎవరికీ చలి వెయ్యలేదు.

ఎనభై ఎనిమిదిలో వాళ్ళ కొత్త కుర్రాడు,
మా వీధి మొత్తం అమ్మినా వాడి బూట్లకి చాలదు,
మా ముగ్గురి మధ్య నించి సూదిలా దూరాడు.
మా గోల్‌కీపర్ కీరన్ బురదలోనే కూర్చుండిపోయాడు.
సోమవారం పొద్దున్నే అతనికి
ఆసుపత్రిలో పైపులు బిగించే పని.

తప్పు ఎవరిదని అడిగాను.
"తప్పు కాదు, అది మంచి నేత," అంది బెరిల్,
పుస్తకం మూసి, సంచి మడిచి.

వచ్చే శనివారం మామూలు లీగ్ మ్యాచ్.
నా చక్రం దాటేది నూట నలభై మంది.
వాన పడితే నూట పది.
పెన్సిలు మొన విరిగిందని చెప్పింది,
రెండు తెస్తుందట.