ఆటోనగర్‌లో క్వాలిస్

నాలుగు లక్షలు దాటాక
మీటరు తిరగడం మానేసింది.
బండి మానలేదు.

ఖాసిం పీరా బానెట్ ఎత్తి
కాసేపు చూసి దించేశాడు.
"అన్నీ ఇలాంటి బళ్లే వస్తే
షెడ్డుకి తాళమేసుకోవాలి భావనారాయణా!
ఇరవై ఏళ్లకి రెండు క్లచ్చులు, ఒక రేడియేటరు."
తిట్టాడో మెచ్చుకున్నాడో.

టీ బంకు బల్ల మీద అభిప్రాయాలకి కొదవేముంది.
అగ్గిపెట్టెకి చక్రాలు తగిలించారని ఒకాయన,
ఏసీ వేస్తే ఇంద్రకీలాద్రి ఎక్కనని మొరాయిస్తుందని ఇంకొకాయన.
నందిగామ మిరపకాయల షావుకారు మాత్రం
తనది అమ్మేసిన రోజు
అన్నం సయించలేదన్నాడు.

గుడ్డతో చేతులు తుడుచుకుంటూ పీరా అన్నాడు:
"టయోటా వాళ్లు మొదట మగ్గాలు చేసేవాళ్లంట, తెలుసా?
పోగు తెగితే
తనంతట తనే ఆగిపోయే మగ్గం."

మంగళగిరిలో మా నాన్న
గుంటలోకి కాళ్లు దించి కూర్చుని
పోగు తెగడం చెవితో పట్టేవాడు.
చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య
మెలేసి అతికేవాడు.
అతికిన చోటు నాకెప్పుడూ దొరకలేదు.
ఆ మగ్గం అమ్మిన డబ్బే
ఈ బండికి మొదటి వాయిదా.

పీరాకి ఈ సంగతి చెప్పలేదు.
తుక్కుకిస్తే ఎంతొస్తుందో కనుక్కుందామని వచ్చినవాణ్ణి
"ఆయిలు మార్చు" అన్నాను.

వారధి మధ్యలో
ఇంజన్లో ఎక్కడో
సన్నగా ఏదో తెగిన చప్పుడు.
చెవి ఒగ్గాను.

బండి ఆగలేదు.