గ్రాముల లెక్క

ఎమ్‌డెన్ ఓడరేవు. డిసెంబరు ఇరవై తొమ్మిది.
నాలుగున్నరకే చీకటి.
షోరూము అద్దాల మీద ఉప్పుగాలి తెల్లగా పేరుకుంటోంది.
నా పని చిన్నది:
హెయిర్ డ్రయ్యరుతో వేడిచేసి, బ్లేడుతో గీకి
ముందద్దం మీది పాత ధర ఊడదీయడం,
కొత్తది అంటించడం.

ఈ నెలలో ఇది నాలుగోసారి.
ఆ చిన్న కరెంటు కారు
అక్టోబరులో ముప్ఫై నాలుగు వేల యూరోలు,
ఇవాళ ఇరవై ఆరు.
బ్యాటరీ అదే, సీట్లు అవే,
తలుపు వేస్తే వచ్చే ఆ మెత్తని చప్పుడూ అదే.
మారిందల్లా క్యాలెండరు.

మేనేజరు ఓనో కాఫీ కలుపుతూ చెప్పాడు:
"ఏడాదంతా అమ్మిన బళ్ల పొగ కలిపి
సగటు తీస్తారు, వీబ్కె.
కిలోమీటరుకి ఇన్ని గ్రాములని బ్రస్సెల్స్‌లో గీత గీశారు.
దాటితే గ్రాముకింత, అదీ బండిబండికీ జరిమానా.
పెద్దది దాటేసిన గీతలోకి
ఈ బుల్లిది కంపెనీని వెనక్కి లాక్కురావాలి."

అంటే మనం అమ్మేది కారు కాదు,
ఒక సున్నా.

నిన్న ఇద్దరొచ్చారు.
టగ్‌బోట్ల కాంట్రాక్టరు ఫోకో యాన్సెన్
రెండున్నర టన్నుల డీజిల్ బండి చూపించమన్నాడు.
సెప్టెంబరులో దాని మీద మూడువేలు పెంచారు.
ఎందుకని అడగలేదు, సంతకం పెట్టాడు.

ఆస్పత్రి రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చిన గేషె
చిన్న కారు చుట్టూ మూడుసార్లు తిరిగి
"ఇంత తగ్గించారంటే, లోపమేమైనా ఉందా?" అంది.

ఉంది.
అదిగో, ఆ పక్కనే నిలబడింది,
వెచ్చని తోలు సీట్లతో, నీ కంటే ఎత్తుగా.
అనలేదు. తాళం చేతిలో పెట్టాను.

అత్త సొమ్ము అల్లుడి దానం అంటారే,
ఇక్కడ అత్తకీ తెలీదు, అల్లుడికీ తెలీదు.
ఇద్దరి బళ్లూ రేపు
ఒకే రొట్టెల కొట్టు ముందు ఆగుతాయి.

ఇప్పుడే ఫోను.
ఓనో నిలబడే విన్నాడు, మధ్యలో ఒకసారి నవ్వాడు.
ఒక్క ఏడాది లెక్క కాదట ఇక,
మూడేళ్లవి కలిపి చూస్తారట.
పాము చావలేదు, కర్రా విరగలేదు.
"తొందరేం లేదు," అన్నాడు,
"ఎల్లుండి నుంచి పాత ధరే."

లాట్‌లో ఇంకా ఏడున్నాయి, వరసగా,
చార్జింగు తీగలతో గోడకి కట్టేసినట్టు.

డ్రయ్యరు మళ్లీ ప్లగ్గులో పెట్టాను.
సొరుగు లాగితే
పారేయబుద్ధికాక దాచిన ముప్ఫై నాలుగు వేలు,
జిగురింకా ఆరలేదు.