నీలం గీత

గేటు మీద ఇత్తడి అక్షరాలు:
మాస్టర్ ప్లాన్డ్ కమ్యూనిటీ.
అందులో ‘ప్లా’ ఊడిపోయి ఆరేళ్లు.
పోరంకి ఆటోవాళ్లకి అక్షరాలతో పనిలేదు,
“చెరుకుతోట లేఅవుటా?” అంటారు,
తోట పోయి ఇరవయ్యేళ్లయినా.

దీన్ని గీసింది నేనే.
ఓనర్ని కాదు, ఇంజినీర్ని కాదు.
వన్‌టౌన్‌లో మేడమీద గది,
ఒక ఏటవాలు బల్ల, ఒక సన్నపాళీ పెన్ను,
నెలకి నాలుగున్నర వేలకి
గీతలు అమ్ముకున్నవాణ్ణి.

నలభై అడుగుల రోడ్లు, ముప్పై మూడడుగుల రోడ్లు.
తూర్పు మూల పార్కులో
గుండ్రటి చెట్లు, అన్నీ ఒకే సైజు.
ఏ జాతి అని అడక్కండి,
స్టెన్సిల్ జాతి.
వీధిపోటున్న ప్లాటు ఎవరూ కొనరని
మూడో రోడ్డుని సగంలో విరిచాం.
వాస్తుకి వంగింది రోడ్డు.
నీటికి వంగలేదు.

షీటు మధ్యలో ఒక నీలం గీత ఉండేది,
పంట బోదె.
చూపించింది చైన్‌మన్ బాజీ.
గొలుసు భుజాన వేసుకుని
మోకాలిలోతు దిగి, వెనక్కి తిరిగి,
“రాసుకోండి సార్, ఇది ఎక్కడికీ పోదు” అన్నాడు.
రాసుకున్నాను.

ఓనరొచ్చి గీత మీద వేలు పెట్టాడు.
ఉంగరం వేలు.
“దీనివల్ల ఎన్ని పోతున్నాయ్?”
పదకొండు ప్లాట్లండీ.
ఇంకేం మాట్లాడలేదు, టీ తాగి వెళ్లాడు.

ట్రేసింగ్ షీటు మీద సిరా రబ్బరుకి పోదు.
బ్లేడు సగానికి విరిచి
పలచగా, ఊపిరి బిగబట్టి,
కాగితం చిరక్కుండా గీకాలి.
అదొక పనితనం.
ఆ సాయంత్రం నన్ను అందరూ మెచ్చుకున్నారు.

ఇప్పుడు నలభై ఏడో నంబరులో అద్దెకుంటున్నాను,
పైభాగం.
కింద రత్నమాణిక్యం గారు, రిటైరైన లెక్కల టీచరు.
ఆవిడ వంటగది ఆ గీత మీదే ఉంది.
నాకు తెలుసు. ఆవిడకి తెలీదు.
దోసెలు వేసినప్పుడల్లా రెండు పైకి పంపుతుంది.

ఇస్త్రీ బండి ఎక్కడ నిలబడాలో
నేను గీయలేదు.
మధ్యాహ్నం నీడ పడే ఒక గోడ
పరంజ్యోతిని పిలిచి నిలబెట్టుకుంది.
ఎవరి ఇంటి తాళాలు ఎవరి దగ్గరున్నాయో
ఆ బండికే తెలుసు.
క్లబ్ హౌసుకి తెలీదు, అది వానకి ఉరుస్తుంది.

మొన్నటి వానకి
నీళ్లు గేటులోంచి రాలేదు, నేలలోంచి వచ్చాయి.
మూడో రోడ్డు దాటి, నలభై నాలుగు తాకి,
చెయ్యి తిరిగినవాడు గీసినట్టు
ఒక వంపు తిరిగి
ఆవిడ గ్యాస్ బండని ఎత్తుకున్నాయి.
మెట్ల మీద నిలబడి
ఆ వంపుని గుర్తుపట్టాను.
నాదే.

అసోసియేషన్ మీటింగులో అందరూ ఇంజినీర్లే.
మోటారన్నారు, మట్టి తోలాలన్నారు,
పక్క లేఅవుటు మీద కేసన్నారు.
నేను ఇంటికెళ్లి
పెట్టె అడుగునుంచి షీటు తెచ్చి
ట్యూబులైటుకి ఎదురుగా పట్టుకున్నాను.
గీకినచోట కాగితం పలచన కదా,
మిగతా అంతటికంటే అక్కడే వెలుతురు ఎక్కువొచ్చింది.
బోదె మొత్తం కనిపించింది,
ఈ చివర్నుంచి ఆ చివరికి, తెల్లగా.

ఎవరో “ఇది గీకిందెవరు?” అన్నారు.
చెప్పాను.

చాలాసేపు ఫ్యాను చప్పుడే.
రత్నమాణిక్యం గారు కళ్లజోడు తుడుచుకుని
ఆ వెలుతురు మీద వేలు నడిపించింది,
తన వంటగది దగ్గర ఆపింది.
నా మొహం చూడలేదు.
“నా వెనక గోడ పగలగొట్టండి,” అంది,
“మూడడుగులు చాలా, నాలుగు కావాలా?”

ఆ తర్వాత ఆరుగురు చేతులెత్తారు.
నలుగురు ఎత్తలేదు.
వాళ్ల గోడల దగ్గర ఇప్పుడు
తవ్విన బోదె ఆగి ఉంది, నోరు తెరుచుకుని.
వచ్చే వానలోపు చూద్దామన్నారు సెక్రటరీ.
నెల దాటింది, పైకి దోసెలు రావడం లేదు.

గేటు మీద ‘ప్లా’ అతికించడానికి మాత్రం
కొటేషన్ వచ్చింది.