చేబదులు

ఓడేవాడికి వేస్తే ఓటు మురిగిపోయినట్టే అనేవాడు మా నాన్న,
బండి మీద మిగిలిపోయిన వంకాయల గురించి చెప్పినట్టు.
నవ్వేదాన్ని.
ఇప్పుడు లడ్లోలో, మందుల షాపు వెనకగదిలో
అదే లెక్క నేను వేస్తున్నాను.

నా పాస్‌పోర్టు మీద ఇంకా మూడు సింహాలే.
అయినా ఇక్కడ ఓటుంది,
ఎప్పుడో మమ్మల్ని ఏలిన పుణ్యం.

తలుపు సందులోంచి జారిపడ్డ కరపత్రం మీద మూడు కడ్డీలు:
నీలం నిలువెత్తు, నారింజ దాని భుజం దాకా,
ఆకుపచ్చ కాలి మడమంత.
కొలత లేదు, అంకెలు లేవు.
"ఇక్కడ పోటీ ఇద్దరి మధ్యే" అని మాత్రం
మీదికొచ్చేటంత అక్షరాలు.
నా మనసు ఆ మడమ దగ్గరుంది.

గ్లెనిస్‌ది నైటన్. పదహారు మైళ్ళు, గీత దాటితే వేల్స్.
ఆమె పుట్టుకతో నారింజ.
వాళ్ళ తాత గొర్రెల సంతలో
ఆ రిబ్బన్ కట్టుకుని తన్నులు తిన్నాడట.
కానీ ఈసారి అక్కడ నారింజని అడిగే నాథుడు లేడు,
నీలాన్ని ఆపితే ఆకుపచ్చే ఆపాలి.
టీలో బిస్కెట్ ముంచుతూ అంది:
"నీ ఆకుపచ్చని అక్కడ నేను వేస్తా,
నా నారింజని ఇక్కడ నువ్వెయ్యి."
బిస్కెట్ విరిగి కప్పులో మునిగింది.
సరే అన్నాను.

దీన్ని మావైపు చేబదులంటారు.
కాగితం ఉండదు, వడ్డీ ఉండదు,
చూసిన పొరుగామె కూడా
ఏమీ చూడనట్టు చీపురు అందుకుంటుంది.
ఆ మాట గ్లెనిస్‌కి చెప్పబోయి ఆగాను.
ఇంగ్లీషులో దానికి చెయ్యి లేదు.

శనివారం ఇమోజెన్ ప్రాసర్ తలుపు తట్టింది.
ఆకుపచ్చ అభ్యర్థి. కారుతున్న వానకోటు, తడిసిన ఫైలు.
రద్దయిన బస్సు గురించి ఎనిమిది నిమిషాలు.
అందులో ఎక్కేవాళ్ళం ఏడుగురమే,
ఏడుగురి పేర్లూ ఆమెకి తెలుసు.
"మీరు మావాళ్ళే అనుకోవచ్చా?" అంది.
తువ్వాలు ఇచ్చాను.
జవాబు అడిగితే తువ్వాలు ఇచ్చాను.

గురువారం. చర్చి హాలు.
గేటుకి కట్టేసిన కుక్కలు,
ఏ రంగో బయటపెట్టని ముఖాలు.
వేలికి సిరా పూయరిక్కడ.
దారం కట్టిన పెన్సిల్, రబ్బరుతో తుడిస్తే పోయేటంత మెత్తనిది.
దారం మరీ పొట్టి.
కింది గడి దాకా అందదేమో అనిపించింది, ఆశగా.
అందింది.
పై గడి దాకా కూడా అందింది.
ఎక్కడ ఆగిందో
మీకు కూడా చెప్పను.

తెల్లారేసరికి ఇక్కడ నీలమే,
రెండు వందల పన్నెండు తేడాతో.
అక్కడ ఆకుపచ్చ గట్టెక్కింది,
నైటన్‌లో ఎవరూ నమ్మనంతగా.

పనికి వెళ్తూ డిన్హమ్ వంతెన మీద నిలబడ్డాను.
టీమ్ నది నైటన్ మీంచే వస్తుంది ఇక్కడికి.
అందులోకి చూస్తే ఏదైనా తెలుస్తుందనుకున్నానేమో.
నీళ్ళు మామూలుగానే ఉన్నాయి.
ఒక బాతు.

గ్లెనిస్ అప్పటికే వచ్చేసింది.
"రెండు వందలేనట, పాపం" అంది, కెటిల్‌తో.
ఆమె నన్ను అడగలేదు.
అడిగే హక్కు ఆమెకే ఉందీవేళ.

పదింటికి ఇమోజెన్ ప్రాసర్ వచ్చింది, బీపీ మాత్రలకి.
గొంతు పూర్తిగా పోయింది.
"పంతొమ్మిది వందల మంది" అంది గుసగుసగా,
"ఒక్కొక్కరి ఇంటికీ వెళ్ళి థాంక్స్ చెబుదును, ఎవరో తెలిస్తే."

రెండు షీట్లు. ఇరవై ఎనిమిది.
లేబుల్ మీద రెండు చిన్న గళ్ళుంటాయి,
ఇచ్చినవాళ్ళకొకటి, సరిచూసినవాళ్ళకొకటి.
ఒక్కరి మాట మీద
ఒక్క మాత్ర కూడా ఈ కౌంటర్ దాటదు.
నా గడిలో పొట్టి సంతకం గీకి
పెట్టె గ్లెనిస్ వైపు జరిపాను.

ఒక్క చూపు చాలు దానికి.
ఆమె షీట్లు బయటికి తీసి
ఒకటీ రెండూ అని మొదలుపెట్టి లెక్కపెట్టింది,
పెదాలు కదుపుతూ, చాలాసేపు.