నాల్‌బంద్ గల్లీ బావిలో గుర్రాలు

కార్వాన్ అవతల, నాల్‌బంద్ గల్లీలో
మెట్లబావి పూడిక తీస్తున్నప్పుడు
రిజిస్టరు రాసే పని నాది.

పైపొరంతా మన కాలమే:
పాల ప్యాకెట్లు, పగిలిన కమోడు,
నిమజ్జనం మిగిల్చిన ఇనుప చువ్వలు.
పదడుగుల కింద సోడా గోలీలు.
ఇంకా కింద లక్కగాజు ముక్కలు,
చార్మినార్ అరిగిపోయిన హాలీ పైసా.
దిగేకొద్దీ క్రేను డీజిలు ఎక్కువ తాగింది.

గల్లీకంతా తెలిసిన కథ ఒకటే.
అడుగున సొరంగముంది, గోల్కొండ దాకా పోతుంది,
కోట పడిన రాత్రి అందులో దిగిన సవార్లు
దారి తప్పి ఇంకా తిరుగుతున్నారు,
టక టక టక టక.
మా తాత విన్నడు, అంటాడు పాన్‌డబ్బా సత్తయ్య.
మా నాయనమ్మ విన్నది, అంటాడు పంక్చర్ల జహంగీర్.
సొంత చెవితో విన్నవాడు
ఒక్కడూ దొరకలేదు నాకు.

రోజూ పదకొండింటికి హాజరా బీ వచ్చేది.
ఎనభై దాటిన మనిషి, ప్లాస్టిక్ స్టూలు తనే మోసుకుని.
"ఏమన్న దొరికిందా బేటా?"
"ఏం పోయింది నీది?"
"దొరికినంక చెప్త."

ముప్పై ఎనిమిదో రోజు బురదలోంచి కమాను తేలింది.
సొరంగం! టీవీవాళ్ళొచ్చారు. డ్రోను ఎగిరింది.
పురావస్తు సారు టార్చి పట్టుకుని వంగి దూరాడు,
నాలుగడుగులకే గోడ.
కూర్చుంటే తల తగిలే గది,
దీపపు గూట్లో మసి,
సున్నం మీద మేకుతో గీసిన ఉర్దూ అంకెలు.
నిధి లెక్కలన్నారు టీవీవాళ్ళు.
నా ఫోన్లో ఫొటో చూసి
హాజరా బీ గడగడా చదివింది:
"ఛాతీ ముప్పై, చెయ్యి ఏడు.
ఈదమ్మ పెద్దబిడ్డ రవికె."

మర్నాడు క్రేను కొక్కేనికి చిక్కి పైకొచ్చింది
మెడ వంచిన నల్లటి ఇనుము, తిరగని చక్రం.
కుట్టుమిషను.

"మా అబ్బా, కరామత్ అలీ.
ఖాకీ బట్ట కుట్టమంటే కుట్టిండు,
ఎవరు తొడుగుతరో అడగలె.
ఫౌజు దిగినంక అడిగేటోళ్ళొచ్చిన్రు.
పాలు పోసే ఈదమ్మ
మిషన్ను గొంగట్ల చుట్టి నెత్తిన పెట్టుకొని బావిల దిగింది,
వెనక మా అబ్బా.
నెల పదిరోజులు.
ఆమెనే బట్ట తెచ్చేది, కుట్టినయి తీస్కపోయేది.
రాత్రి చప్పుడు బయటికొస్తుండె.
గస్తీ జవాను ఆగి, ఏం ఆవాజని అడిగిండు.
ఎక్కడోడో, మన భాష రాదు.
ఈదమ్మ పాలబిందె దించకుంటనే
ఒంటిచేత్తో లగాం గుంజినట్టు చూపిచ్చింది.
గుర్రాలు సారూ, గోల్కొండయి. పాతయి.
తెల్లారేసరికి గల్లీ మొత్తం గుర్రాలు విన్నది.
కిరాణం కోమటాయన విన్నడు, మౌజన్ సాబ్ విన్నడు.
నాల్‌బంద్ ముసలోడైతే
ఎన్ని నాడాలు ఊడినయో గూడ చెప్పిండు."

నవ్వబోయి ఆగింది.
"ఒకనాటి రాత్రి ధబ్‌మని చప్పుడైంది.
పొద్దున గది ఖాళీ.
మెట్లమీద తడి అడుగులున్నయని ఒకరు,
లేవని ఒకరు.
నాకప్పుడు ఏడేండ్లు."

రిజిస్టర్లో రాశాను:
పాత ఇనుము, ఒకటి, పద్నాలుగు కిలోలు.
వివరాల గడి ఖాళీగా వదిలేశాను.

ఆమె ఆ తర్వాతా రావడం మానలేదు.
ఏమన్న దొరికిందా, అని మాత్రం అడగలేదు,
బకెట్టు పైకొచ్చినప్పుడల్లా
దుపట్టా అంచు వేలికి చుట్టుకునేది.
అప్పుడర్థమైంది నాకు
ఆమె దేనికోసం చూస్తోందో,
ఏది దొరక్కూడదని చూస్తోందో.

పన్నెండో రోజుకు అడుగున బండ తగిలింది.
నీళ్ళు పోసి కడిగించాను, అవసరం లేకపోయినా.
స్టూలు దగ్గరికెళ్ళి చెప్పాను:
"అమ్మా, బండదాక తీసినం. ఏం లేదు.
ఒక్క ఎముక గూడ లేదు."

చాలాసేపు బావిలోకి చూసి
స్టూలు ఎత్తుకుంది.
"అయితే గుర్రమెక్కి పోయిండు."