పావుకిలో కార్జం

ఆదివారం పొద్దుగాల, కాశిబుగ్గ సెంటర్ల
మూడు మ్యాకలు వేలాడితే మూడే కార్జాలు.
అందరికీ అదే కావాలె.
"విఠలన్నా, పావుకిలో పక్కకు వెట్టు,
పదింటికి వస్త."
పదింటికే ఎందుకో నాకెరుకే.
వైన్స్ షట్టర్ లేసేది గప్పుడే.

ఇరవై ఆరేండ్ల సంది కత్తి వట్టిన.
మంచి కార్జం అల్లనేరేడు రంగుల ఉంటది,
వేలుతోని ఒత్తితే లోపటికి వోయి మళ్ల లేస్తది,
తడిసిన సబ్బోలె చేతిలకెళ్లి జారుతది.
పాడైంది పసుపు తిరుగుతది. గింజ గింజ, గట్టిగ.
దాన్ని కుక్కలకు ఏస్త.
ఎవ్వలు చెప్పలె. చెయ్యే నేర్సుకున్నది.

రాజమొగిలి ఎనుమాముల యార్డుల హమాలి.
మిర్చి బస్తాలు తుమ్ముకుంట మోసెటోడు.
"ఘాటుకు ఘాటే మందు" అనెటోడు.
మొదలు ఆదివారం. ఎన్కకు రోజు.
ఆ ఎన్కకు, పొద్దుగాల చెయ్యి వణుకుడు ఆగేటందుకు.
నంజుకునేది నా దుకాణం కార్జమే.
నా చేతితోనే కోసిచ్చిన.

ఎంజీఎంల చిన్న డాక్టరమ్మ, రెండు రాత్రుల నిద్ర బాకీ ఉన్న మొఖం,
కాయితం మీద గీసి చెప్పింది:
"తాగింది నెత్తురులో కలుస్తుంది. ఖాళీ కడుపైతే ఇంకా తొందరగా.
ఊపిరిలో కొంత, చెమటలో కొంత, మూత్రంలో కొంత పోతుంది,
అదంతా కలిపినా పిసరంతే.
మిగిలింది లివరే మోయాలి."
ఊపిరి అన్న మాటకు ఉప్పలమ్మ తలూపింది.
గడపల అడుగు వెట్టకముందే ఆమెకు తెలుస్తుండె గద.

నాకు సమజైంది:
లోపట గూడ ఒక్కడే హమాలి.
గంటకు ఒక చిన్న మూట. అంతే.
నిమ్మకాయ పిండు, సల్ల తాగు,
నెత్తి మీద బిందెడు నీళ్లు కుమ్మరించు,
వాడు ఉరుకడు.
మూట విప్పుతే లోపటికెళ్లి ఇంకో విషం లేస్తదంట,
పేరు చెప్పింది, నా నోరు తిరగలె,
మందుకన్న చెడ్డదంట అది.
దాన్ని విరగ్గొట్టి పులుపు చెయ్యాలె,
పులుపును నీళ్లు చెయ్యాలె, గాలి చెయ్యాలె,
గప్పుడు ఇంకో మూట.
ఇంతల్నే గేటు కాడ ఇంకో లారీ.
మోసి మోసి వానికి కొవ్వు పేరుతది.
అప్పుడాపితే కరుగుతది, కని అప్పుడు నొయ్యదు,
నొయ్యనిదాన్ని ఎవ్వడు నమ్ముతడు?
తర్వాత వాపు. తర్వాత మచ్చ.
మచ్చ మీద మచ్చ.
మచ్చ బరువు మొయ్యదు.

వార్డుల రాజమొగిలి
కాళ్లు చేతులు కట్టెపుల్లలు, కడుపు కుండ,
కండ్లు బంతిపూలు.
సూది వెట్టి నీళ్లు తీసిన్రు.
బస్తాలు లెక్కవెట్టిన మనిషి బకీటు దిక్కు చూసి
"ఎన్ని లీటర్లు, మేడం?" అన్నడు.
రాత్రి నన్ను గుర్తువట్టలె.
"కూలి పైసలియ్యి, సేటూ" అని చెయ్యి చాపిండు.
జేబుల ఉన్న యాభై ఇచ్చిన. లెక్కవెట్టుకున్నడు.

స్కాన్ ఫోటోల రంగు లేదు, నలుపు తెలుపు.
అయినా నా వేళ్లకు తెలిసింది.
గింజ గింజ, గట్టిగ.
కుక్కల సంగతి యాదికొచ్చి
కాయితం బోర్లేసిన.

"మీరు తాగుతారా?" డాక్టరమ్మ అడిగింది.
"ఎప్పుడో ఓసారి."
అందరు అనే మాటే కావచ్చు. రాసుకోలె.

ఇయ్యాల మళ్ల ఆదివారం.
ఓదేలు వచ్చి "మెత్తటిదియ్యే" అంటున్నడు.
తక్కెడల కార్జం, అల్లనేరేడు రంగు.
ఎన్ని వేలు చూసిన ఇట్లాంటియి.
అంగీ లోపటికి చెయ్యి వోనిచ్చి
కుడి దిక్కు పక్కబొక్కల కింద
రెండు వేళ్లతోని ఒత్తుకున్న.
ఏం తెలుస్తలేదు.

"అన్నా, మర్సిపోయినవా?"
"పావుకిలనే గద" అన్న,
ముల్లు నిలవడేదాక
దాని దిక్కే చూసుకుంట.